పిల్లల ల్యుకీమియా: మందు ఒక్కటే, మోతాదు వేరు

పసిపిల్లలకు వచ్చు క్యాన్సరులలో ఎక్కువగా కనిపించునది ల్యుకీమియా, అనగా రక్తపు క్యాన్సరు. అందులోను అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా అను రకము ముఖ్యమైనది. రెండేండ్లు మొదలు ఐదేండ్ల వరకు గల బిడ్డలలో ఇది హెచ్చుగా బయటపడుచున్నది. ఎముకల లోపలి మూలుగలో మంచి రక్తకణములు పుట్టవలసిన చోట, పక్వము కాని తెల్లకణములు వరిమడిలో తుంగవలె అల్లుకొనిపోవును. బిడ్డ పాలిపోవును. జ్వరము విడిచి విడిచి వచ్చును. దెబ్బ తగులకనే ఒంటిమీద కమిలిన మచ్చలు లేచును. చిగుళ్ళ వెంట రక్తము కారును. మెడలో బిళ్ళలు కట్టును. కాళ్ళు నొప్పులని నడువక మారాము చేయును. వీనిలో ఒక్కొక్క గుర్తు సామాన్యమైన జబ్బులలోను ఉండవచ్చును గాని, రెండు మూడు కలిసి వచ్చి కొద్దిరోజులలో తగ్గనిచో, తాయెత్తులతో కాలము గడపక రక్తపరీక్ష చేయింపవలెను. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచములో తినినను, ఒకే పక్కలో పండుకొన్నను తోటి బిడ్డలకు సోకదు.

నేడు మంచి వైద్యసౌకర్యములు గల దేశములలో ఈ వ్యాధి సోకిన ప్రతి 100 మంది బిడ్డలలో సుమారు 90 మంది బ్రతికి పెద్దవారగుచున్నారు. మన దేశములో ఆ సంఖ్య ఇంకను అంతవరకు రాలేదు. వ్యాధి ముదిరిన తరువాత ఆసుపత్రికి వచ్చుట ఒక కారణము. నడుమనే చికిత్స మానివేయుట మరొక కారణము. చికిత్స జరుగుచుండగా తెల్లకణములు మితిమీరి తగ్గి, అంటురోగములు సోకి బిడ్డ మరణించుట మూడవది. ఈ కడపటి రెండింటికి ఒక సంబంధము కలదు. మందు బిడ్డను బాధించుట చూచి భయపడిన తల్లిదండ్రులే పెక్కుసారులు మందు మాన్పించుచున్నారు. కావున మందు కొందరిని ఏల అంతగా బాధించునో తెలిసికొనుట అవసరము.

1947 వరకు ఈ వ్యాధిపై పనిచేయు మందే లేదు. ఆ యేడు చివర అమెరికాలోని బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు అమినోప్టెరిన్ అను క్రొత్త పదార్థమును ల్యుకీమియా బిడ్డలకు ఇచ్చి చూచెను. 1948 జూన్‌లో వెలువడిన ఆయన నివేదిక ప్రకారము 16 మంది బిడ్డలలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గినది. ఆ పదార్థమును తయారుచేసిన లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకులైనవారు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895లో భీమవరములో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా చేరి, 1948 ఆగస్టులో అక్కడనే మరణించిరి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్ నేటికిని ఈ వ్యాధికి ఇచ్చుచున్న ప్రధానమైన మందులలో ఒకటి. మన పల్లెలలో ఆ బిళ్ళలను మ్రింగుచున్న బిడ్డల తల్లిదండ్రులలో ఎందరికి ఈ సంగతి తెలియునో సందేహమే.

రెండవ ముఖ్యమైన మందు మెర్కాప్టోప్యూరిన్. దీనిని జార్జి హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ అను శాస్త్రజ్ఞులు రూపొందించిరి. ఎలియన్ తన పదునైదవ యేట తాతగారు క్యాన్సరుతో మరణించుట చూచి ఈ శాస్త్రమును చేపట్టిన స్త్రీ. అమెరికా ప్రభుత్వము 1953లో ఈ మందును అనుమతించినది. 1988లో వీరిరువురకు నోబెలు బహుమానము లభించినది. మన వ్యాసమునకు ఈ మందే ముఖ్యము.

ల్యుకీమియా చికిత్స రెండు మూడేండ్లు సాగును. మొదటి నెలలు బిడ్డ తరచుగా ఆసుపత్రిలోనే ఉండవలెను. అప్పటికి వ్యాధి కంటికి కనిపించకుండ అణగిపోయినను, వేళ్ళు మిగిలియుండును. వానిని నిర్మూలించుటకు మిగిలిన కాలమంతయు ఇంటివద్దనే ప్రతిదినము మెర్కాప్టోప్యూరిన్ బిళ్ళను, వారమునకు ఒక్కసారి మెథోట్రెక్సేట్ బిళ్ళలను ఇచ్చెదరు. బిడ్డ ఎత్తు, బరువులనుబట్టి శరీరపు వైశాల్యమును లెక్కకట్టి, చదరపు మీటరునకు రోజునకు 50 నుండి 75 మిల్లీగ్రాముల వంతున మెర్కాప్టోప్యూరిన్ మోతాదును నిర్ణయింతురు.

ఇప్పుడు ఒకే వయస్సు, ఒకే బరువు గల ఇద్దరు బిడ్డలను తలచుకొందము. ఇద్దరికిని ఒకే మోతాదు ఇచ్చిరి. ఒకడు నెలరోజులలో బడికి పోవుచున్నాడు. రెండవవానికి మూడవ వారమునకే తెల్లకణములు పూర్తిగా పడిపోయి, నోరు పూసి, జ్వరము వచ్చి ప్రాణముమీదికి వచ్చినది. డాక్టరు పొరబడలేదు. మందు కల్తీది కాదు. తల్లి ఎక్కువ బిళ్ళలు వేయలేదు. భేదము బిడ్డ శరీరములోనే పుట్టుకనుండి ఉన్నది.

దీనిని రైతులకు తెలిసిన పోలికతో చెప్పవచ్చును. ఒకే రాత్రి రెండు చెరువులమీద ఒకే వాన కురిసినదనుకొనుడు. అలుగు బాగుగా పారు చెరువు నిండి, మిగులునీరు వెడలిపోయి, కట్ట నిలుచును. అలుగు పూడిన చెరువునకు తెల్లవారునప్పటికి గండి పడును. వానలో తప్పు లేదు. మెర్కాప్టోప్యూరిన్ కడుపులోనికి పోయిన పిమ్మట శరీరములో మార్పుచెంది, కణములు విభజన చెందునపుడు వాని డి.ఎన్.ఏ.లో చొరబడి వానిని చంపును. క్యాన్సరు కణములు చచ్చుటకు ఇదియే మార్గము. మూలుగలోని మంచి కణములు కూడ వేగముగా విభజన చెందునవే గనుక, మందు నిల్వ మితిమీరినచో అవియు నశించును. మందును మితములో ఉంచుటకు శరీరములో అలుగులవంటి ఎంజైములు కొన్ని కలవు. టి.పి.ఎమ్.టి. అనునది మందు ఘాటైన రూపము దాల్చకమున్నే దానిని ప్రక్కకు మరల్చును. ఎన్.యు.డి.టి.15 అనునది ఘాటైన రూపము దాల్చిన మందును సైతము విరిచి సాధువుగా చేయును. ఒక్కొక్క అలుగునకు రెండేసి కన్నులని భావింపుడు. ఒక కన్ను తండ్రినుండి, ఒకటి తల్లినుండి వచ్చినది. వీనినే జన్యువు యొక్క రెండు ప్రతులందురు. ఒక కన్ను పూడినచో నీరు మందముగా పారును. రెండును పూడినచో గండి తప్పదు.

ఈ విషయము ఒక్కనాట తెలియలేదు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రిచర్డ్ వైన్‌షిల్‌బామ్ అను వైద్యుడు, ఆయన సహచరురాలు కలిసి 298 మంది రక్తములో టి.పి.ఎమ్.టి. బలమును కొలిచిరి. నూటికి సుమారు 89 మందిలో ఆ ఎంజైము బలముగా ఉన్నది. 11 మందిలో సగపు బలము ఉన్నది. సుమారు 300 మందిలో ఒక్కరికి బొత్తిగా లేదు. అటువంటి బిడ్డలకు మామూలు మోతాదు ఇచ్చినచో ప్రాణాపాయమగునని తరువాత ల్యుకీమియా వైద్యులు గుర్తించిరి. పాశ్చాత్య దేశములలో మందు మొదలిడుటకు ముందే ఈ పరీక్ష చేయు అలవాటు క్రమముగా వ్యాపించినది.

అయితే ఆసియా ఖండములోని వైద్యులకు ఒక చిక్కు ఎదురైనది. ఇక్కడి ప్రజలలో టి.పి.ఎమ్.టి. లోపము ఐరోపావారిలో కంటె చాల అరుదు. ఆ లెక్క ప్రకారము ఈ మందు ఇక్కడివారిని తక్కువగా బాధింపవలెను. కాని అనుభవము దానికి విరుద్ధముగా ఉన్నది. టి.పి.ఎమ్.టి. పరీక్షలో ఏ లోపమును లేదని తేలినవారికే తెల్లకణములు కూలిపోవుచుండెను. కొరియా దేశపు వైద్యులు ప్రేగుల వాపు వ్యాధికి ఇదే జాతి మందులు వాడుచున్నవారిని పరిశీలించి, 2014లో రెండవ అలుగును, అనగా ఎన్.యు.డి.టి.15 జన్యువులోని భేదమును కనుగొనిరి. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరము మారుటచే ఎంజైము నిలువలేక చెడిపోవుచున్నది. మరుసటి యేడు, 2015లో, అమెరికాలోని మెంఫిస్ నగరపు సెయింట్ జూడ్ బాలల ఆసుపత్రి పరిశోధకులు ల్యుకీమియా బిడ్డలలో దీని ఫలితమును కొలిచి చూపిరి. రెండు ప్రతులును మంచివైన బిడ్డలు నిర్ణయించిన మోతాదులో సగటున నూటికి 83.5 పాళ్ళు తట్టుకొనిరి. ఒక ప్రతి మారినవారు 63 పాళ్ళు తట్టుకొనిరి. రెండును మారినవారు తట్టుకొన్నది 8.3 పాళ్ళు మాత్రమే. అనగా మొదటివారికి తగిన మందు కడపటివారికి పదింతలు!

ఒక దేశమువారికి కుట్టిన చొక్కా మరొక దేశమువారికి సరిపోవునని నమ్ముట ఎంత ప్రమాదమో దీనివలన తేలినది. ఐరోపావారిలో ఎన్.యు.డి.టి.15 భేదము నూటికి ఒక్కటి కూడ లేదు. అందుచేతనే ముప్పదేండ్లకు పైగా అక్కడివారి పరిశోధనలలో అది కంటబడలేదు.

మన తెలుగువారి సంగతి ఏమి? లోకములోని వివిధ జాతుల జన్యువులను పోల్చిచూచుటకు వేయి జీనోముల ప్రణాళిక అను అంతర్జాతీయ కార్యక్రమము నడచినది. దాని కడపటి ఫలితములు 2015లో ప్రకటింపబడినవి. అందులో 26 జనసమూహములనుండి 2,504 మంది జన్యుపటములు కలవు. బ్రిటనులో స్థిరపడిన తెలుగువారు 102 మంది అందులో ఒక సమూహముగా చేరిరి. తెలుగువారితోపాటు గుజరాతీలు, పంజాబీలు, బెంగాలీలు, శ్రీలంక తమిళులు కలిసిన దక్షిణాసియా లెక్కలో ప్రతి 100 జన్యుప్రతులలో సుమారు 7 ప్రతులు ఈ మారినవే. ఒక్కొక్క మనిషికి రెండు ప్రతులు గనుక గుణించి చూచినచో, దాదాపు ఎనమండుగురిలో ఒకరికి ఒక ప్రతి మారియుండును. సుమారు 200 మందిలో ఒకరికి రెండును మారియుండును. ఒక పెద్ద గ్రామములో ఇట్టి మనుష్యులు పదిమంది యుండవచ్చును. వారిలో ఎవ్వరికిని ఏ జబ్బును లేదు. ఈ మందు మ్రింగు అవసరము రానంతవరకు ఆ తేడా వారికే తెలియదు.

ఈ మాట మరికొంత విప్పి చెప్పవలసియున్నది. ఈ జన్యుభేదము ల్యుకీమియాకు కారణము కాదు. క్యాన్సరు వేరు, మందును అరిగించుకొను తీరు వేరు. పరీక్షలో భేదము తేలినంతనే "కోడలి రక్తములో దోషమున్నది" అని నిందించు ఇండ్లు కలవు. రెండు ప్రతులు మారిన బిడ్డకు ఒకటి తల్లినుండియు, ఒకటి తండ్రినుండియు తప్పక వచ్చియుండును. కావున నింద ఒకరిమీద మోపుటకు శాస్త్రములో చోటు లేదు. మనలో మేనరికములు, దగ్గరి సంబంధములు ఎక్కువ. ఒకే తాతనుండి దిగివచ్చిన ప్రతి అటునుండి ఇటునుండి ఒకే బిడ్డకు చేరుటకు అట్టి పెండ్లిండ్లలో అవకాశము హెచ్చు. తల్లిదండ్రులది దగ్గరి సంబంధమైనచో ఆ సంగతి దాచక డాక్టరుతో చెప్పుట మంచిది.

పరీక్షకు కొద్దిపాటి రక్తము చాలును. అయితే ఒక మెలకువ అవసరము. ల్యుకీమియా బిడ్డలకు తరచు ఇతరుల రక్తము ఎక్కించుచుందురు. అట్టి సమయమున టి.పి.ఎమ్.టి. బలమును ఎర్రకణములలో కొలిచినచో, బిడ్డ బలమునకు బదులు రక్తదాత బలమును కొలిచినట్లగును. జన్యువునే చదువు పరీక్ష ఇంతకంటె నమ్మదగినది. ఫలితమునుబట్టి మోతాదు ఎట్లు మార్చవలెనో నిపుణులు 2018లో సవరించిన సూచనలు కలవు. ఒక ప్రతి మారినచో మామూలు మోతాదును కొంత తగ్గించి మొదలిడి, రక్తమును చూచుచు సరిచేయుదురు. టి.పి.ఎమ్.టి. రెండు ప్రతులును చెడినచో పదవవంతు మోతాదును, అదియు వారమునకు మూడుసారులు మాత్రమే ఇత్తురు. ఎన్.యు.డి.టి.15 రెండును చెడినచో చదరపు మీటరునకు రోజునకు 10 మిల్లీగ్రాములతో ఆరంభింతురు. తక్కువ మోతాదు ఇచ్చిరని తల్లిదండ్రులు దిగులుపడ నక్కరలేదు. అలుగు లేని చెరువు కొద్దివానకే నిండునట్లు, ఆ బిడ్డకు ఆ కొద్దిపాటి మందే పూర్తి మందు.

ఈ పరీక్ష అన్ని ఊళ్ళలోను దొరకదు. పెద్ద నగరములలోని ప్రయోగశాలలకు పంపవలెను. మందు మొదలిడకమున్నే చేయించుట ఉత్తమమని నా అభిప్రాయము. ఏలయనగా రెండు ప్రతులు చెడిన బిడ్డ విషయములో మొదటి నెలలోనే ప్రమాదము జరిగిపోవును. పరీక్షకు వీలు కానిచోట వైద్యులు తరచుగా రక్తకణములను లెక్కించి చూచుచుందురు. ఇది ఎంత సామాన్యమైన పరీక్షయో అంత విలువైనది. బస్సు ఖర్చునకు వెరచి, బిడ్డ చక్కగా ఆడుకొనుచున్నాడు గదా యని ఒక వారము దాటవేసిన యింట, కణములు పడిపోయిన సంగతి జ్వరము వచ్చినదాక తెలియదు. జన్యుపరీక్ష చేయించినవారును ఈ లెక్కింపు మానరాదు. జన్యువులు రెండును మంచివైనను, ఇతర మందులవలనను అంటురోగములవలనను కణములు తగ్గవచ్చును.

దీనికి మారుపక్షము కూడ కలదు. మందు బాధించుచున్నదని ఇంటివారే బిళ్ళలు తగ్గించుట, రోజు విడిచి రోజు వేయుట, పండుగలకు పెండ్లిండ్లకు ప్రయాణమైనపుడు మరచుట మిక్కిలి హానికరము. ప్రతి 20 మోతాదులలో ఒకటికంటె ఎక్కువ తప్పించిన బిడ్డలలో వ్యాధి తిరుగబెట్టుట గణనీయముగా హెచ్చినట్లు అమెరికాలో జరిగిన పరిశీలనలో తేలినది. మందు తగ్గింపవలసినచో ఆ పని డాక్టరు చేయవలెను, అదియు రక్తపు లెక్క చూచి.

ఇతర మందులలోను ఇట్టి భేదములు కలవు. మన పెరడులలో ఎల్లకాలము పూచు బిళ్ళగన్నేరు మొక్కనుండి విన్‌క్రిస్టిన్ అను మందు తీసిరి. ఆ మొక్క పుట్టిల్లు మడగాస్కరు ద్వీపము. ఈ మందు అమెరికాలో 1963లో అనుమతి పొందినది. ఇది నరములను బాధించును. బిడ్డ పాదములు ఈడ్చుచు నడుచును, మలబద్ధము కలుగును. సి.ఇ.పి.72 అను జన్యువు దగ్గరి ఒక భేదము గలవారికి ఈ బాధ ఎక్కువయని 2015లో తేలినది గాని, దానినిబట్టి మోతాదు మార్చుట ఇంకను సర్వత్ర అలవాటు కాలేదు. బిళ్ళగన్నేరు ఆకు నమిలించినచో, కషాయము త్రాగించినచో క్యాన్సరు పోవునని చెప్పువారి మాట నమ్మరాదు. అది విషము. అందులోని మందు పాలు అత్యల్పము, దానిని శుద్ధిచేసి నరములోనికి కొలతప్రకారము ఎక్కింపవలసినదే. మరియొక సంగతి. చికిత్స ఆరంభములో యూరిక్ ఆమ్లము పెరుగకుండ కొందరికి రాస్‌బురికేస్ అను మందు ఇత్తురు. జి.6.పి.డి. అను ఎంజైము లోపము గలవారికి అది ఎర్రకణములను పగులగొట్టును. మలేరియాకు ఇచ్చు ప్రైమాక్విన్ పడక ఇంటిలో ఎవరికైన మూత్రము నల్లబడినట్లు జ్ఞాపకమున్నచో ముందుగానే చెప్పవలెను. మత్తుమందు విషయములోను ఇంతే. మన వైశ్య కుటుంబములలో కొందరికి, కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ ప్రభావము నిమిషములలో తీరక గంటలకొద్ది నిలుచునని మత్తువైద్యులు ఎరుగుదురు. అందుకును ఒక జన్యుభేదమే కారణము.

ఇంటివద్ద మందు ఇచ్చు తల్లిదండ్రులు ముఖ్యముగా చూడవలసినది మెథోట్రెక్సేట్ విషయము. ఇది వారమునకు ఒక్క దినము మాత్రమే. పొరబాటున ప్రతిదినము ఇచ్చినచో మరణము సంభవించును. ఆ దినమును గోడమీది క్యాలెండరులో చుట్టి గుర్తుపెట్టుకొనవలెను. మెర్కాప్టోప్యూరిన్, మెథోట్రెక్సేట్ పొట్లములు చూచుటకు ఒకే తీరుగ ఉన్నచో వేరు వేరు డబ్బాలలో ఉంచి, చదువురాని పెద్దలు గుర్తించునట్లు రంగుదారము కట్టవచ్చును. యూరిక్ ఆమ్లమునకు ఇచ్చు అల్లోప్యూరినాల్ అను బిళ్ళ మెర్కాప్టోప్యూరిన్ వెడలిపోవు మూడవ దారిని మూసివేయును. కావున మరొక డాక్టరు వద్దకు పోయినపుడు, బిడ్డ ఏమేమి మందులు మ్రింగుచున్నాడో చీటీ చూపక ఏ క్రొత్త మందును తీసికొనరాదు. జ్వరము 100.4 డిగ్రీలు దాటినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి చేరవలెను. తెల్లకణములలో న్యూట్రోఫిల్స్ అనునవి ఘనమిల్లీమీటరునకు 500 కంటె తగ్గియున్న బిడ్డకు ఆ రాత్రి కాలయాపనయే ప్రాణాంతకము కావచ్చును. చికిత్స వ్యయము విషయమున, 2007లో ఉమ్మడి రాష్ట్రములో ఆరోగ్యశ్రీ ఆరంభమైన నాటినుండి క్యాన్సరు చికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకములలో చేరియున్నది. జన్యుపరీక్ష ఖర్చు అందులో చేరునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలిసికొనవలెను.

రక్తపు లెక్కల కాగితము వారమునకే పాతబడును. జన్యుపరీక్ష కాగితము అట్లు కాదు. బిడ్డకు వ్యాధి నయమైన తరువాతను, పెరిగి పెద్దయైన తరువాతను అది మారదు. మెర్కాప్టోప్యూరిన్ జాతికే చెందిన అజథయోప్రిన్ అను మందును ప్రేగుల వ్యాధులకు, మూత్రపిండము మార్పిడి చేసినవారికి ఇచ్చుచుందురు. ఎన్నడైన అట్టి అవసరము వచ్చినపుడు ఆ డాక్టరు మొదట అడుగవలసినది ఈ కాగితమునే. దానిని పొలము పట్టాతోపాటు పెట్టెలో భద్రపరచి, నకలు ఒకటి బిడ్డ ఆసుపత్రి పుస్తకములో అంటింపుడు.